బస్తర్ సంతలో రూపాయి గుర్తు

బీడీలు చుట్టే తునికాకుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్న రేటు స్టాండర్డ్ బ్యాగుకు 5,500 రూపాయలు. అంతకుముందు నాలుగు వేలు, 2019కి ముందు రెండున్నర వేలు. బ్యాగు అంటే వెయ్యి కట్టలు, కట్టకు యాభై ఆకులు. లెక్క వేస్తే కట్టకు అయిదున్నర రూపాయలు, ఆకుకు 11 పైసలు. ఎండలు ముదిరిన రోజుల్లో బస్తర్ పల్లెల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి వెళ్తారు. ఆకు కోసుకొచ్చి, ఒక్కొక్కటీ చేత్తో సాపు చేసి, యాభై లెక్కపెట్టి, నారతో బిగించి, సాయంత్రానికి ఫడ్‌కు చేరుస్తారు. మన వైపు కల్లం అంటామే, అక్కడ దాన్నే ఫడ్ అంటారు. మన కల్లేదారు చేసే పని అక్కడ ఫడ్ ముంశీ చేస్తాడు. ఐదు వేల ఆకులు లెక్క తప్పకుండా కడితే 550 రూపాయలు. ఒక్క ఆకు విలువకు సరిపడే నాణెం మాత్రం ఈ దేశంలో లేదు. పావలా, అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. ఆ మరుసటి నెలలోనే కొత్త రూపాయి గుర్తు వేసిన నాణేలు చెలామణిలోకి వచ్చాయి.

రూపాయి గుర్తు మీద మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా అది ఏ లిపిది, ఎంత అందంగా ఉంది అన్న దగ్గరే తిరుగుతుంది. ఆ గుర్తును గీసినవారు, ఎంచుకున్నవారు దానికి ఒక అర్థం చెప్పారు. ఆ అర్థం నిలబడిందో లేదో చూడాలంటే ఢిల్లీ, ముంబయి కాదు, బస్తర్‌లోని కోంటా, జగర్‌గుండ, భోపాల్‌పట్నం వెళ్లాలి. అందుకే ఆకు లెక్కతో మొదలుపెట్టాను.

కేంద్ర ఆర్థిక శాఖ 2009లో పోటీ పెడితే మూడు వేలకు పైగా నమూనాలు వచ్చాయి. అయిదింటిని తుది పరిశీలనకు తీసుకున్నారు. 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం డి. ఉదయకుమార్ గీసిన గుర్తును ఆమోదించింది. ఆయన ఐఐటీ బొంబాయిలో డిజైన్ చదువుకున్నవారు. దేవనాగరి 'ర'నూ, నిలువు గీత తీసేసిన రోమన్ 'ఆర్'నూ కలిపిన రూపం అది. అదే ఏడాది కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లోనూ చోటు దక్కింది. ఆ గుర్తుతో వచ్చిన తొలి నోట్ల మీద ఉన్న సంతకం అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు దువ్వూరి సుబ్బారావుది. డాలరు, పౌండు, యూరో, యెన్‌ల సరసన మన డబ్బుకూ ఒక ముఖం వచ్చిందని, పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్ రూపాయల నుంచి మన రూపాయిని వేరుగా గుర్తుపడతారని ఆనాడు సంబరపడ్డాం. తప్పులేదు.

దాని పైభాగంలో ఉన్న రెండు అడ్డగీతల గురించి చెప్పిన మాటను మాత్రం తొందరగా మరిచిపోయాం. ఆ గీతలూ వాటి మధ్య తెల్లటి ఖాళీ జాతీయ జెండాను తలపిస్తాయి. అవే గణితంలో సమానం గుర్తు కూడా. ఆర్థిక అసమానతలు తగ్గించుకోవాలన్న దేశ ఆకాంక్షకు అది సూచన అని వివరించారు. అలంకారానికి చెప్పిన మాటే అయినా నేను దాన్ని మాటగానే తీసుకుంటాను. నోటు మీద అచ్చయిన ప్రతి మాటా పూచీ. రూపాయి ఎవరి చేతిలో ఉన్నా ఒకే రూపాయి కావాలి. బస్తర్‌లో అది జరగడం లేదన్నదే నా ఫిర్యాదు.

2025 మార్చిలో తమిళనాడు ప్రభుత్వం తన బడ్జెట్ లోగోలో ఈ గుర్తు తీసేసి తమిళ 'రూ' అక్షరం పెట్టినప్పుడు దేశమంతా రెండు రోజులు ఊగిపోయింది. గుర్తును గీసిన ఉదయకుమార్ తండ్రి డీఎంకే మాజీ శాసనసభ్యుడే కావడం ఆ వివాదాన్ని మరింత రక్తి కట్టించింది. తమిళానికి, గుజరాతీకి, బెంగాలీకి సొంత రూపాయి గుర్తులు యూనికోడ్‌లో ఉన్నాయి. తెలుగుకు ప్రత్యేకంగా రూపాయి గుర్తు లేదు. 'రూ' పక్కన చుక్క పెట్టి సరిపుచ్చుకుంటాం. కానీ మన పాత లెక్కల్లోని భిన్నాల గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి వెళ్లాయి. రూపాయిలో పదహారో వంతునూ, అందులో నాలుగో వంతునూ విడివిడిగా రాసుకోవడానికి గుర్తులు పెట్టుకున్న జాతి మనది. అంటే చిన్న మొత్తాన్ని పోనివ్వకూడదన్న పట్టింపు ఆ లెక్కల్లో ఉండేది. 11 పైసల ఆకును చూసినప్పుడల్లా నాకు ఆ పట్టింపు గుర్తుకొస్తుంది.

గుర్తుకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? బస్తర్ చరిత్రే దీనికి మంచి జవాబిస్తుంది. 1910 భూంకాల్ తిరుగుబాటుకు ముందు ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మలు, ఎర్ర మిరపకాయలు, బాణాలు తిరిగాయి. చదువు రాకపోయినా వాటి అర్థం తెలియనివారు లేరు. కొమ్మ అందిన ఊరు కదిలింది. ఆ ఫిబ్రవరిలో మొదట దోపిడీకి గురైంది పుష్పాల్ సంత. అడవి మీద హక్కులు పోవడం, వెట్టి, అధికారుల జులుం ఆ తిరుగుబాటుకు కారణాలు. వాటితోపాటు బయటి వర్తకుడి మీద ఆగ్రహమూ ఉంది. అందుకే దెబ్బ ముందు సంత మీద పడింది. మిరపకాయ కట్టిన మామిడి కొమ్మకు ఏ మంత్రివర్గమూ ఆమోదం ఇవ్వలేదు. పంపినవాడూ అందుకున్నవాడూ దాన్ని ఒకే రకంగా అర్థం చేసుకోవడమే దాని బలం.

డబ్బుకూ అదే వర్తిస్తుంది. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా గవ్వలు డబ్బుగా చెల్లాయి. మాల్దీవుల నుంచి ఒడిశా రేవుల మీదుగా లోపలికి వచ్చిన ఆ గవ్వలు ఇప్పటికీ బస్తర్‌లో కనిపిస్తాయి. దండామి మాడియా పురుషులు నాట్యంలో పెట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగాకు ముందు, ముఖం మీదికి, గవ్వల సరాలు వేలాడుతుంటాయి. పక్కనున్న ఒడిశాలో ఈస్టిండియా కంపెనీ శిస్తుకు గవ్వలు తీసుకోవడం మానేసి వెండి రూపాయలే కావాలంది. రైతు దగ్గర వెండి లేదు. ఉన్న గవ్వల విలువ పడిపోయింది. 1817 పైకా తిరుగుబాటుకు దారి తీసిన కష్టాల్లో ఇదీ ఒకటి. సర్కారు తన డబ్బు మార్చుకున్నప్పుడు ఆ మార్పు నష్టం చివర్లో ఉన్నవాడి నెత్తిన పడుతుందన్నది రెండు వందల ఏళ్ల కిందటి పాఠం. మనం దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాం.

పది రూపాయల నాణెం సంగతే చూడండి. తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి కిరాణా కొట్టు నుంచి ఆర్టీసీ బస్సు దాకా ఆ నాణెం చూపిస్తే ముఖం తిప్పుకున్నారు. పది గీతలున్నది మంచిదట, పదిహేను గీతలున్నది దొంగదట. రూపాయి గుర్తు ఉన్నది నిజమట, లేనిది నకిలీయట. 2011కు ముందు వచ్చిన నాణేల మీద ఆ గుర్తు లేకపోవడం సహజం. రెండూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2016 నవంబరులో ప్రకటించింది. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లేవేనని 2018 జనవరిలో మళ్లీ చెప్పింది. అయినా అనుమానం పోలేదు. డబ్బుకు గుర్తింపు తేవడానికి వేసిన గుర్తే డబ్బును శంకించడానికి ఆధారమైంది. పెద్ద ఊళ్లలో ఇది చికాకు మాత్రమే. కూలి మొత్తం రెండు మూడు వందలు తీసుకునే మనిషి చేతిలో అయిదు పది రూపాయల నాణేలు చెల్లకపోతే ఆ పూట ఉప్పూ నూనే ఆగిపోతాయి. చెల్లని నాణెం చేతులు మారి మారి చివరికి 'వద్దు' అనే ధైర్యం లేనివాడి దగ్గర ఆగుతుంది.

బస్తర్ సంతల్లో ఆ ధైర్యం లేకపోవడం కొత్త కాదు. కిలో ఉప్పుకు కిలో సారపప్పు ఇచ్చి వెళ్లిన కాలాన్ని తలుచుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఉప్పు అడవిలో దొరకదు, సారపప్పు పట్నంలో దొరకదు. రెండూ అవసరమే కదా, ఇందులో అన్యాయమేముంది అని వర్తకుడు వాదించవచ్చు. ఉప్పు ధర ఎంతో, సారపప్పు ధర ఎంతో తెలిసినవాడు ఆ ఇద్దరిలో ఒక్కడే. అన్యాయం అక్కడుంది. వస్తుమార్పిడి తగ్గి రూపాయి వచ్చాక కూడా ఆ ఒక్కడు మారలేదు. ఊళ్లలో తిరిగి సరుకు కొనే చిన్న వ్యాపారిని అక్కడ కోచియా అంటారు. ఇప్పపువ్వును అతను కొలిచేది చాలాచోట్ల పైలీతో. పైలీ కొలత పాత్ర, మన సోల, మానిక లాంటిది. నిండుగా పోయాలా, గోపురంగా పోయాలా, లోపల అడుగు ఎంత లోతుందన్నది ఎవరూ చూడరు. బోర్డు మీద ధర కిలో లెక్కన, పుచ్చుకునేది పైలీ లెక్కన. బోర్డు మీద రూపాయి గుర్తు ఎంత పెద్దగా రాసినా ఆ బేరంలో దానికి పాత్ర లేదు.

2020 మేలో కేంద్రం ఎండు ఇప్పపువ్వు కనీస మద్దతు ధరను కిలోకు 17 నుంచి 30 రూపాయలకు, గింజతో ఉన్న చింతపండు ధరను 31 నుంచి 36కు పెంచింది. మంచి పనే. అయితే ధర ప్రకటించడం కన్నా కష్టమైన పని ఒకటుందని బస్తర్‌కు 1999-2000 నాటికే తెలుసు. అప్పటి కలెక్టరు ప్రవీర్ కృష్ణ చొరవతో నడిచిన చింతపండు ఉద్యమంలో ఊరి సంఘాలే తూకం వేసి, ఊళ్లోనే కొని, చేతికే డబ్బు ఇచ్చాయి. సర్కారు తరఫున కొనేవాడు తక్కెడతో ఊళ్లో కూర్చున్నప్పుడు వర్తకుడు కూడా ధర పెంచక తప్పలేదు. జగదల్‌పూర్ చింతపండు మార్కెట్ ఆసియాలోనే పెద్దదంటారు. ఆ చింతపండు తెలుగు వంటింటికీ వస్తుంది. చెట్టు కింద ఏరినవారికి ఎంత దక్కిందన్నది మాత్రం ఊళ్లో తక్కెడ ఉందా, పైలీ ఉందా అన్న దాన్నిబట్టే ఉంటుంది.

ఇదే నేల నుంచి తవ్వి తీసేది మరొకటుంది. దంతెవాడ పక్కన బైలాడిల్లా కొండల్లో 1968 నుంచి ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం తవ్వుతోంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే. ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. జపాన్ ఉక్కు మిల్లుల కోసం కుదిరిన ఒప్పందంతో మొదలైన పని అది. ఆ ఖనిజాన్ని టన్నుల్లో తూచారు, తేమ శాతం కొలిచారు, ఇనుము శాతం పరీక్షించారు, ధర విదేశీ కరెన్సీలో రాసుకున్నారు.  అదే కొండల కింద ఇప్పపువ్వుకు పైలీ. కొలత పరికరాలు ఈ దేశానికి లేక కాదు. ఎవరి సరుకుకు వాటిని వాడాలో నిర్ణయించుకున్నది మనమే.

మన వైపు కూడా చేతులు శుభ్రంగా లేవు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో బస్తర్‌లోని సుక్మా, బీజాపూర్ పల్లెల నుంచి వేలమంది సరిహద్దు దాటి భద్రాద్రి, ములుగు జిల్లాల మిరప చేలకు వస్తారు. చేల గట్ల మీదే టార్పాలిన్లు కట్టుకుని ఉంటారు. మిరప ఏరినందుకు కొన్నిచోట్ల కూలి రూపాయల్లో కాదు, మిరపకాయల్లోనే ఇస్తారు. కాయ ధర పెరిగిన ఏడు కూలివాడికీ లాభమే కదా అంటారు. పడిపోయిన ఏడు? అప్పుడు రైతు నష్టంలో ఒక భాగాన్ని, భూమి లేని, పంట బీమా లేని, ఈ ఊళ్లో రేషన్ కార్డు కూడా లేని మనిషి మోస్తున్నాడు. మూట తలకెత్తుకుని ఇంటికెళ్లి, అక్కడి సంతలో మళ్లీ కోచియాకే అమ్ముకోవాలి. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప చేల నుంచి నడిచి బయల్దేరి, బీజాపూర్ జిల్లాలోని ఇల్లు ఇంకాస్త దూరంలో ఉండగా పన్నెండేళ్ల బాలిక చనిపోయింది. ఆ వార్త చదివి అందరం బాధపడ్డాం. ఆ వయసు పిల్ల కూలికి ఎందుకు వచ్చింది, ఆమె పేరు ఏ రిజిస్టరులో ఉంది, ఆమెకు రావలసిన కూలి ఎంత అన్న ప్రశ్నలు తెలంగాణలోనూ అడగాల్సినవి.

ఇక బ్యాంకు. జగర్‌గుండ సుక్మా జిల్లాలో పేరున్న ఊరు, ఒకప్పటి పెద్ద సంత. రెండు దశాబ్దాలకు పైగా అక్కడ బ్యాంకు లేదు. 2025 మేలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ తెరిచారు. మావోయిస్టులకు, బలగాలకు మధ్య నలిగిన అన్నేళ్లూ ఆ చుట్టుపక్కల ఊళ్లవారికి ఖాతాలో పడ్డ డబ్బు కంటికి కనిపించని డబ్బు. అది తెచ్చుకోవడానికి ఒక రోజు కూలి, దారి ఖర్చు, పట్నంలో పడిగాపులు. తునికాకు డబ్బు ఖాతాలో కాదు, చేతికే ఇవ్వండని సుక్మా, బీజాపూర్ పల్లెలవారు పదే పదే అడగడానికి కారణం ఇదే. కొన్నిసార్లు ప్రభుత్వం ఒప్పుకుని నగదు ఇచ్చింది కూడా. ఖాతాలో వేస్తే మధ్యవాడు తినేయడన్నది నిజమే. కానీ 550 రూపాయలు తీసుకోవడానికి 200 ఖర్చయితే ఆ మనిషి చేతిలో పడింది 350. జగదల్‌పూర్‌లో ఉన్నవాడి 550 మాత్రం 550గానే ఉంటుంది. రెండు గీతల సమానం ఇక్కడ తప్పుతోంది.

నోటును చదవకుండా రంగుతో, బొమ్మతో పోల్చుకునే లక్షలమంది ఉన్న చోట 2016 నవంబర్ 8 రాత్రి ఏం జరిగిందో ఇంకో చోటి వారికి పూర్తిగా అర్థం కాదు. అయిదు వందల నోటు చెల్లదన్నారు. కొత్తది బూడిద రంగులో వచ్చింది. వెయ్యి పోయి గులాబీ రంగు రెండు వేలు వచ్చింది. తర్వాత యాభై నీలమైంది, వంద లేత ఊదా అయింది. పరిమాణాలు కూడా మారాయి. చేతి వేళ్లకు, కంటికి అలవాటైన డబ్బంతా రెండు మూడేళ్లలో కొత్తదైపోయింది. అన్నిటి మీదా రూపాయి గుర్తు ఉంది. దాన్ని చదివే అలవాటు లేనివారికి అది ఏ సాయమూ చేయలేదు. ఆ రెండు వేల నోటును వెనక్కి తీసుకుంటున్నట్టు రిజర్వు బ్యాంకు ప్రకటించింది 2023 మే 19న, సరిగ్గా తునికాకు కాలంలో. దీని వెనక దురుద్దేశం ఉందని నేననను. ఆ తేదీ ఖరారు చేసిన గదిలో తునికాకు కాలం ఎప్పుడో తెలిసినవారు లేరు, అంతే. ఉండాల్సింది.

నోటు వెనక ఒక పక్కగా భాషల పట్టీ ఉంటుంది. పదిహేను భాషల్లో నోటు విలువ అక్షరాల్లో రాసి ఉంటుంది. ఉర్దూకు పైన మన తెలుగు. దాన్ని చూసి మనకు కలిగే ఆత్మీయత చిన్నదేమీ కాదు. హిందీ, ఇంగ్లిషు కలిపితే పదిహేడు. వాటిలో బస్తర్‌లో మాట్లాడే గోండీ లేదు, హల్బీ లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేని భాషలు కాబట్టి లేవంటారు. షెడ్యూలులో చేరి రెండు దశాబ్దాలు దాటిన సంతాలీ, బోడో కూడా ఆ పట్టీలో లేవు. కాబట్టి షెడ్యూలు సాకు చాలదు. 2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాష అని చెప్పినవారు దాదాపు 30 లక్షలు. పట్టీలో ఉన్న సంస్కృతాన్ని మాతృభాషగా చెప్పినవారు 25 వేలలోపు. సంస్కృతాన్ని తీసేయమని కాదు, గోండీకి జాగా చూపించమని. లిపి లేదన్న మాట కూడా చెల్లదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండీ లిపి హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో వెలుగులోకి వచ్చి, 2018లో యూనికోడ్‌లో చేరింది. మసారం గోండీ లిపి అంతకు ఒక ఏడాది ముందే చేరింది. రూపాయి గుర్తు యూనికోడ్‌కు చేరిన దారిలోనే గోండీ కూడా నడిచి వచ్చింది. గుర్తు నోటు ఎక్కింది, భాష ఎక్కలేదు.

నోటు మీద గోండీ వచ్చినంత మాత్రాన చదవడం రానివాడికి ఏం లాభం అని అడగవచ్చు. పట్టీలో తెలుగు ఉండటం వల్ల చదువురాని తెలుగువాడికి ఒనగూరేది కూడా అంతే. అయినా ఉండాలనే కోరతాం, ఎందుకంటే ఆ డబ్బు మనదన్న మాట అక్కడ రాసి ఉంది. మిగతా పనులు దాంతోపాటు జరగాలి. ఆకు కొనే కార్డు మీద కట్టల లెక్క, రూపాయల లెక్క పక్కపక్కన రాసి, బ్యాంకు అందుబాటులో లేని ప్రతి ఫడ్‌లో వారంలోపు నగదు పంచాలి. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం పైలీతో అమ్మకం కొనుగోలు చట్టవిరుద్ధమే. సంతలో ఆ చట్టాన్ని అమలు చేయించడానికి ఇన్‌స్పెక్టరు ఒక్కడే సరిపోడు, ప్రతి పంచాయతీ మహిళా సంఘం చేతికి ఒక మంచి ఎలక్ట్రానిక్ తక్కెడ ఇవ్వాలి. చింతపండు ఉద్యమం నేర్పింది అదే. బ్యాంకు తరఫున ఊళ్లలో పనిచేసే బ్యాంకు మిత్రలను నియమించేటప్పుడు గోండీ, హల్బీ, దొర్లీ వచ్చినవారికే ఇవ్వాలి. ఆ భాషలు వచ్చిన చదువుకున్న పిల్లలు ఇప్పుడు ప్రతి బ్లాకులోనూ ఉన్నారు.

తెలంగాణ ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది, అది వచ్చే ఫిబ్రవరిలోపే కావాలి. కూలి డబ్బుగానే ఇవ్వాలన్నది 1948 కనీస వేతనాల చట్టం నాటి నుంచీ ఉన్న సూత్రం. చర్ల, వెంకటాపురం, వాజేడు, ఏటూరునాగారం మండలాల్లో మిరప ఏరే కాలమంతా కార్మిక శాఖ ఉద్యోగి ఒకరు చేల మీద తిరగాలి. కుటుంబాల పేర్లు రాయాలి, రోజు కూలి ఎంతో గోండీలో, కోయలో చెప్పించాలి, పిల్లలను పనిలోంచి తీసి బడికి పంపాలి. కాయల్లో కూలి ఇస్తున్నచోట ఆ రోజు ఖమ్మం మార్కెట్ ధర ప్రకారం రూపాయల్లోకి మార్చి, తక్కువ పడితే రైతు చేత పూరించాలి. రైతు దగ్గర లేకపోతే ప్రభుత్వమే పూరించాలి.